గతుకుల బాటలు – బండి కమానులు



ఇంటికి వచ్చు ప్రతి వస్తువును మనము పరీక్షించియే కొనుచున్నాము. కుండను వ్రేలితో తట్టి ధ్వని విందుము. బియ్యమును గుప్పెటబట్టి నూక చూతుము. చీర కొంగు విప్పి నేత పరికింతుము. కాని ఇంటి ధనములో పెద్దపాలు మ్రింగు మోటారు బండి మాట వచ్చునప్పటికి, "అది మగవారి వ్యవహారము" అని వంటింటిలోనికి పోవుచున్నాము. ఆ బండిలో పసిబిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండువారము మనమే. నెలనెలా దానికి కట్టు వాయిదాలలో మన పొదుపు కలదు. దాని సంపాదనపై నడచు సంసారములును మనలో ననేకము. కావున బండి సంగతి కొంత మనకును తెలిసియుండుట యవసరము.

నేను చెప్పబోవునది పికప్ బండిని గూర్చి; అందును బాట సరిగా లేని చోటులకు పోవు పికప్ బండికి కమానులు, షాక్ అబ్జార్బరులు మార్చుటను గూర్చి. ముందు కూర్చుండుటకు గదియు, వెనుక సరకులు వేయుటకు తొట్టియు గల బండిని పికప్ అందురు. మేము కాపురముండు జీడిమెట్లలో ఈ బండి కనబడని సందు లేదు. పారిశ్రామికవాడలోని కర్మాగారములకు సరకులు చేరవేయునవి కొన్ని. షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారము వీథులలో కిరాయికై నిలిచియుండునవి కొన్ని. నర్సాపురము వైపు పల్లెలనుండి కూరగాయలు నింపుకొని తెల్లవారుజామున బోయినపల్లి మార్కెట్టునకు పోవునవి కొన్ని. ఇటీవల వీనికి మఱియొక జాతి తోడైనది. హైటెక్ సిటీలో కొలువు చేయు యువకులు ఐదుగురు కూర్చుండదగిన పికప్ బండ్లు కొని, సెలవుదినములందు నర్సాపురము అడవి యంచుల మట్టిబాటలకును, వికారాబాదు దాపున నున్న అనంతగిరి కొండలకును, తమ పొలములకును పోవుచున్నారు.

ఈ రెండు జాతుల బండ్లకును రూపము దగ్గఱగా నుండును గాని ధర్మము వేఱు. మహీంద్రావారి బొలెరో పికప్ బండి 1300 కిలోలు మొదలు 1700 కిలోల వఱకు, రకమును బట్టి, సరకు మోయుటకు నిర్మింపబడినది. ఆంధ్రప్రదేశములోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారమున తయారగు ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, 2022లో మన దేశమున విక్రయమునకు వచ్చిన టొయోటా హైలక్స్ అనునవి మనుషులను ముఖ్యముగా, సామానును గౌణముగా మోయు కుటుంబపు పికప్‌లు. అన్నిటికిని వెనుక ఇరుసుపై నుండునవి మాత్రము పట్టీల కమానులే. ఇంతమాత్రము గుర్తుంచుకొని ముందునకు పోవుదము.

కమాను పని యేమి?

కమాను అనగా విల్లు. ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ బిగించి, విల్లువలె వంచినదే బండి కమాను. పూర్వకాలపు రథములలో ఇరుసు నేరుగా రథపు ఒడలికి తగులుకొనియుండుటచే రాయి తగిలిన ప్రతిసారియు రథికుని యెముకలు లెక్కింపబడుచుండెను. 19వ శతాబ్ది తొలినాళ్ళలో లండనులో ఓబడయా ఎలియట్ అను నాతడు గుఱ్ఱపుబండ్లకు ఉక్కు కమానులను ఇరుసుపై నిలుపు పద్ధతికి హక్కు పొందెను. నేటి పికప్ బండి వెనుకభాగము ఆ గుఱ్ఱపుబండికి మనుమరాలనియే చెప్పవచ్చును. వంగినను విఱుగకుండుట, వంగిన పిమ్మట మరల నిలుచుట, ఈ రెండును విల్లునకు గల గుణములు. అవియే కమానుకును గుణములు.

అయితే విల్లు వంగి నిలిచినంతమాత్రమున పని ముగియలేదు. ఉయ్యాల నొకసారి ఊపి విడిచినచో అది పలుమాఱు లూగును గదా! కమానును అంతే. ఒక గుంటలో పడిన బండి పది గజములవఱకు ఊగుచునే పోవును. ఆ యూపును అణచుటకు పెట్టినది షాక్ అబ్జార్బరు. దాని పని తెలియుటకు జంతికల గొట్టమును తలచుకొనుడు. గొట్టములో పిండి నింపి పైనుండి నొక్కిన, చిన్న రంధ్రములగుండ పిండి మెల్లగా దిగును. ఎంత త్వరగా నొక్కజూచిన అంత బలముగా ఎదురుతిరుగును. షాక్ అబ్జార్బరులో పిండికి బదులు నూనె యుండును. చక్రము పైకెగసినప్పుడును క్రిందికి దిగినప్పుడును ఆ నూనె సన్నని దారులగుండ దూఱవలెను. ఆ శ్రమలో ఊపు వేడిగా మాఱి చల్లారును.

పిండి పలుచనైనచో జంతిక నిలువదు. అట్లే గంటలకొలది గతుకులలో పరుగెత్తిన బండి షాక్ అబ్జార్బరు కాగి, నూనె పలుచనై, నురగ కట్టి, పట్టు విడుచును. ఈ లోపమును తగ్గించుటకై నూనెపై నత్రజని వాయువు నొత్తిడితో నింపు పద్ధతి వచ్చినది. 1957లో బిల్‌స్టైన్ కంపెనీ అట్టి ఒంటిగొట్టపు షాక్ అబ్జార్బరులను మెర్సిడెస్ బెంజ్ కార్లకు తయారుచేయసాగెను. నేడు అంగళ్ళలో "గ్యాసు షాకులు" అని యమ్మునవి ఈ వంశమునకు చెందినవి. మఱికొన్నిటికి నూనె చల్లబడుటకు ప్రక్కన వేఱుగా చిన్న బుడ్డి తగిలించియుందురు. అవి గంటలకొలది వేగముగా కఱకుబాటపై పరుగెత్తువారికి పనికివచ్చును. నెలకొకసారి పొలమునకు పోయి వచ్చువారికి ఆ బుడ్డి అలంకారమే.

ఇంతకును సారమిది: కమాను బరువును మోయును, షాక్ అబ్జార్బరు ఊపును అణచును. ఒకదాని పని మఱియొకటి చేయజాలదు. బండి సామాను వేయగానే వెనుక కుంగిపోవుచున్నచో అది కమాను సంగతి. ఖాళీబండి గుంట దాటిన పిమ్మటగూడ ఊగుచుండినచో అది షాక్ అబ్జార్బరు సంగతి. ఈ భేద మెఱిగిన యిల్లాలిని ఏ దుకాణదారుడును మోసగింపలేడు.

ఎత్తు పెంచుటయే బాగుచేయుటయా?

బాట లేని చోట బండి నడపువారికి మొదట పుట్టు కోరిక బండిని ఎత్తు చేయవలెనని. రెండంగుళములు లేచిన బండి చూచుటకు గంభీరముగా నుండును. ఱాళ్ళు అడుగున తగులకుండుటయు నిజమే. కాని ఆ రెండంగుళములకు చెల్లించు వెల అంగడి రసీదులో కనబడునంత మాత్రమే కాదు.

బండి ఎత్తైన కొలది దాని బరువు నిలుచు కేంద్రము పైకి పోవును. నిండుబిందె నెత్తిన పెట్టుకొని మలుపు తిరుగునప్పుడు మనము ఎంత జాగ్రత్తగా తిరుగుదుమో, బండియు నంత జాగ్రత్తగా తిరుగవలసివచ్చును. వేగముగా పక్కకు త్రిప్పినచో ఒరగుట, బోల్తాపడుట సులభమగును. ముందు చక్రములకు శక్తినిచ్చు కడ్డీలు ఏటవాలు హెచ్చై వాని కీళ్ళు త్వరగా అఱుగును. బ్రేకు గొట్టములు చాలక సాగును. దీపముల వెలుగు ఎదుటివారి కన్నులలో పడును. చక్రముల వాలు మాఱుటచే టైరులు ఒక ప్రక్కనే యఱుగును. కావున ఎత్తుచేసిన పిమ్మట అలైన్‌మెంటు చూపింపక తప్పదు. ఇవియుగాక, ఎవరును లెక్కలోనికి తీసికొనని మాట యొకటి కలదు: చీర కట్టినవారును, మోకాళ్ళ నొప్పులు గల అత్తగారును ఆ బండి నెక్కుటెట్లు? మెట్టు నేలకు మూరెడు పైకి పోయిన బండి ఇంటి బండి కాదు, ఒక్కని బండి.

ఎత్తు చేయుటకు చౌక యుపాయములును కలవు. కమానుకును ఇరుసునకును నడుమ ఇనుప దిమ్మె పెట్టుట, కమాను కొసనున్న షాకిల్ అను తగులును పొడవు చేయుట, ముందు స్ప్రింగుపై బిళ్ళ చేర్చుట మొదలగునవి. ఇవి ఎత్తు నిచ్చును గాని సుఖము నీయవు. వెనుక పెట్టిన దిమ్మె పెద్దదగుకొలది ఇరుసు ముందువెనుకలకు మెలితిరుగు స్వభావము హెచ్చును. కమానులే ముందును గల బండికి ముందు ఇరుసుపై ఇట్టి దిమ్మెలు పెట్టుట అపాయకరము; ఎవరెన్ని చెప్పినను అంగీకరింపరాదు.

అసలు సస్పెన్షను ప్రయోజన మేమి? ఒక చక్రము గుంటలోను, ఒక చక్రము గట్టుపైనను ఉన్నప్పుడుగూడ నాలుగు చక్రములును నేలను విడువకుండ జూచుట. నేలను తాకని చక్రము త్రిప్పజాలదు, ఆపజాలదు. కావున మంచి కమాను అనగా ఎత్తైన కమాను కాదు. బరువుకు తగినంత గట్టిదనము, నేలను వెదకికొనునంత మెత్తదనము గల కమాను. మఱియొక మాట. రథచక్రము నేల గ్రుంగిన కర్ణుని కథ మన మందఱ మెఱిగినదే. బురదలో దిగిన చక్రమును ఏ కమానును పైకి తీయదు. దానికి టైరు పట్టు, నాలుగు చక్రముల శక్తి, లాగుటకు త్రాడు, తోడు మఱియొక బండి కావలెను. ఆ యవసరమునకై కమానులు కొనుట జ్వరమునకు కాలికి కట్టు కట్టుటవంటిది.

మొదట కొలత

ఆస్ట్రేలియా దేశము పికప్ బండ్లకు పుట్టినిల్లు వంటిది. అచ్చట వానిని యూట్ అందురు. మెల్‌బోర్నులో 1975లో స్థాపింపబడిన ఏఆర్‌బీ అను సంస్థ ఓల్డ్ మ్యాన్ ఈము అను పేర కమానులు, స్ప్రింగులు అమ్ముచున్నది. వారు ఒకే బండికి పలురకముల స్ప్రింగులు ఉంచి, ఎల్లప్పుడును బండిపై నుండు బరువెంత అను దానిని బట్టి రకమును నిర్ణయింతురు. "ఎప్పుడో ఒకసారి వేయు బరువు" కాదు, "ఎల్లప్పుడు నుండు బరువు." ఈ ప్రశ్న ఎక్కడనైనను మొదటి ప్రశ్న కావలెను.

ఈ ప్రశ్నకు సమాధానము మన చేతిలోనే యున్నది. జీడిమెట్లవంటి పారిశ్రామిక ప్రదేశములలో బండ్లు తూచు ధర్మకాటాలు కలవు. బండిని నిండు ఇంధనముతో, సాధారణముగా వేయు సామానుతో, సాధారణముగా కూర్చుండువారితో తూపింపవలెను. ముందు చక్రములు మాత్రము కాటాపై నుంచి ఒకసారి, వెనుక చక్రములు మాత్రము నుంచి ఒకసారి తూచినచో ఏ ఇరుసుపై నెంత పడుచున్నదో తెలియును. ఆ తూకపు చీటీని దాచుకొనుడు. పిమ్మట మన కుట్టుపెట్టెలోని కొలత టేపు తీసికొని, చక్రపు నడిబొడ్డునుండి దానిపైనున్న రేకు అంచువఱకు నాలుగు చక్రముల వద్దను కొలిచి వ్రాసికొనవలెను. ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి. ఎడమ కుడి కొలతలలో అంగుళము భేదమున్నచో కమాను పట్టీ విఱిగినదో, కుంగినదో చూపింపవలెను. ఎంత దిగుచున్నదో తెలియక ఎంత లేపవలెనో చెప్పగలవా రెవరు?

లెక్క యొకటి చూపుదును. వెనుకనున్న ఒక్కొక్క కమాను ఒక సెంటీమీటరు వంగుటకు 60 కిలోలు కావలెననుకొందము. రెంటికిని 120 కిలోలు. వెనుక ఇరుసుపై 600 కిలోలు పడినచో బండి 5 సెంటీమీటర్లు దిగును. పట్టీలు చేర్చి ఒక్కొక్క కమానును 90 కిలోలకు గట్టిపఱచితి మనుకొనుడు. అప్పుడు అదే బరువునకు దిగుట 3 సెంటీమీటర్లకు కొంచెము మించును. అనగా మనకు మిగిలినది రెండు సెంటీమీటర్లుగూడ లేదు. కాని ఖాళీగా పోవునప్పుడు బండి ప్రతి గుంటకును ఒకటిన్నరరెట్లు గట్టిగా కుదుపును. బరువుతో పోవు దినములు వారమునకు ఆఱయినచో ఈ బేరము మంచిది. నెలకొక దినమైనచో చెడ్డది.

ఇది పుస్తకపు లెక్కమాత్రమే కాదు. మా మఱది నర్సాపురము దాపు పల్లెలనుండి టమాటా పెట్టెలు తెచ్చును. ఒక దుకాణమువారు ఆయన బండికి వెనుక రెండేసి పట్టీలు చేర్చి, పాత షాక్ అబ్జార్బరులనే ఉంచిరి. వారము తిరుగకమునుపే వచ్చి, "వదినా, లోడ్ ఉంటే మంచిగనే పోతది, ఖాళీగొస్తే గుర్రం లెక్క ఎగురుతది" అని మొఱపెట్టుకొనెను. మట్టిబాట మలుపులో వెనుకభాగము ప్రక్కకు జాఱుటయు మొదలైనదట. మా వారు బడిపంతులు గావున పలకపై పైలెక్క వేసి చూపిరి. చేర్చిన రెండు పట్టీలలో నొకటి తీయించి, గట్టి కమానుకు తగిన క్రొత్త షాక్ అబ్జార్బరులు వేయించిన పిమ్మట బండి కుదుటబడినది. కమాను గట్టిదైనచో దాని యూపును అణచునదియు గట్టిది కావలెనను నీతి ఆ దినమున మా యింట స్థిరపడెను.

ఎవరి కేది తగును?

మొదట అందఱకును పనికివచ్చునది, మిక్కిలి చౌకయైనది, టైరు గాలి. బండికి మొదటి స్ప్రింగు టైరే. ఖాళీగా మట్టిబాటపై మెల్లగా పోవునప్పుడు 35 పౌండ్ల గాలిని 25 వఱకు తగ్గించిన కుదుపు తగ్గును, పట్టు హెచ్చును. అయితే మరల తారురోడ్డెక్కుటకు ముందు చిన్న పంపుతో గాలి నింపుకొనవలెను. తక్కువ గాలితో వేగముగా పోయిన టైరు కాగి పగులును. బరువు వేసిన బండికి గాలి తగ్గింపరాదు.

రెండవది, ఉన్నవానిని బాగుచేయుట. కమాను కొసలయందలి రబ్బరు బుష్‌లు అఱిగి పగిలియుండవచ్చును. షాక్ అబ్జార్బరుపై నూనె కాఱిన మఱకలు, టైరుపై గుంటలు గుంటలుగా అఱుగుదల కనబడినచో అది చచ్చినదని తెలియవలెను. పాతబండి కుదుపుచున్నదని వేలకొలది రూపాయల క్రొత్త కమానులకు పోకమునుపు బుష్‌లును షాక్ అబ్జార్బరులును మార్చి చూడుడు. పెక్కు ఇండ్లలో కథ అక్కడనే ముగియును. బుష్‌లలో రబ్బరువి మెత్తన, సద్దు తక్కువ. పాలీయూరిథేనువి గట్టివి, మన్నికగలవి, కాని కీచుమను స్వభావము గలవి. కుటుంబపు బండికి రబ్బరే మేలు.

మూడవది, ఎల్లప్పుడును బరువు మోయు బండి. దీనికి బరువునకు తగిన కమాను కట్టనే మార్పించుట యుత్తమము. పాత కట్టలో ఒక పట్టీ చేర్చుట మధ్యమము. మన దేశమున కమానులు చేయు పెద్ద సంస్థలలో యమునానగరమునందలి జమునా ఆటో యొకటి. షాక్ అబ్జార్బరులకు 1961నుండి గేబ్రియల్ ఇండియా పేరు గలది. దేశములో దొరకు భాగములు విదేశపు వానికన్న చౌకయే కాక, చెడినప్పుడు మరల దొరకును. నర్సాపురము రోడ్డులో విఱిగిన పట్టీకి మెల్‌బోర్ను నుండి జాబు వచ్చువఱకు కూరగాయలు నిలువవు గదా! పారాబోలిక్ అను రకములో పట్టీలు తక్కువ, ఒకదాని నొకటి ఒఱయుటయు తక్కువ. కావున చిన్న కుదుపులకు మెత్తగా లొంగును.

నాలుగవది, ఒకప్పుడు నిండుగా, ఒకప్పుడు ఖాళీగా పోవు బండి. దీనికి సహాయక పట్టీలు పనికివచ్చును. అవి ఖాళీగా నున్నప్పుడు ఊరకుండి, బరువు పడినప్పుడు మాత్రమే తగిలి భుజము పట్టును. గాలితిత్తులును కలవు. కమానుకును ఛాసీకిని నడుమ రబ్బరు తిత్తి నుంచి, బరువునుబట్టి గాలి నింపుదురు. మంచి యుపాయమే, కాని కమాను రెండు కొసలపై పంచుకొను బరువును ఆ తిత్తి ఒక్క బిందువుపై మోపును. బండి వెనుక కుంగనందున మితిమీఱి బరువు వేయుటకు చేయి వచ్చును. అట్టి బండి ఎగుడుదిగుడు బాటలో పడినప్పుడు ఛాసీయే వంగిన సంగతులు ఆస్ట్రేలియాలో పెక్కు గలవు. కమాను బలపడినంతమాత్రమున బండి మోయు హక్కు పెరుగదు. ఇరుసు, బ్రేకులు, ఛాసీ, టైరులు పాతవే గదా. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన మొత్తము బరువే హద్దు.

ఐదవది, సెలవుదినములలో మాత్రము మట్టిబాట పట్టు కుటుంబపు పికప్. ఖాళీతొట్టితో తిరుగు నీ బండికి వెనుక కుదుపు సహజము. దీనికి గట్టి కమాను విషము. మంచి గ్యాసు షాక్ అబ్జార్బరులు నాలుగును ఒకే జాతివి వేయించి, టైరులు తగినవి తీసికొని, ఎత్తు జోలికి పోకుండుటయే వివేకము.

బిగించు దినమున

పని చేయించునప్పుడు దగ్గఱనుండి అడుగదగినవి కొన్ని. ఇరుసును కమానుతో కలిపి పట్టు యూ-బోల్టులు క్రొత్తవి వేయుచున్నారా? ఒకసారి బిగించి సాగినవానిని మరల వాడరాదు. బుష్‌ల నట్లను తుదిసారి బిగించునప్పుడు బండి చక్రములపై నిలిచియున్నదా? గాలిలో వ్రేలాడుచుండగా బిగించిన రబ్బరు, బండి నేలకు దిగగానే మెలితిరిగి త్వరలో చినుగును. బ్రేకు గొట్టములు చక్రము పూర్తిగా జాఱినప్పుడును సాగకున్నవా? ఐదువందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల అన్ని బోల్టులను బిగింతురా? తీసిన పాత భాగములను తిరిగి యిత్తురా? ఈ ప్రశ్నలకు విసుగుకొను దుకాణము మనకు వలదు. రసీదును, తూకపు చీటీని, కొలతల కాగితమును ఒకచోట దాచుడు.

చట్టమును మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ విభాగము, తయారుచేసినవారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున కెక్కిన లక్షణములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ నియమమును దృఢపఱచినది. అదే సంవత్సరపు సవరణలో, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, ఆఱు నెలలవఱకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చునని చేర్చిరి. అఱిగిన భాగమునకు బదులు అట్టి భాగమునే వేయుట వేఱు, బండి రూపము మార్చుట వేఱు. ఎత్తు పెంచదలచినవారు ముందుగా రవాణా కార్యాలయములో విచారింపవలెను. చేయించిన మార్పును బీమావారికి వ్రాతమూలముగా తెలుపవలెను. దాచిన మార్పు ప్రమాదదినమున బీమాసొమ్మునకు అడ్డుపడవచ్చును.

తొట్టిలోనివారి మాట

ఇంతవఱకు గదిలో కూర్చుండువారి సుఖమును గూర్చి చెప్పితిని. తొట్టిలో నిలుచుండువారి మాట చెప్పక ముగించుట న్యాయము కాదు. మన పల్లెలలో కలుపులు తీయుటకు, మిరప కోయుటకు, పత్తి ఏరుటకు పోవు స్త్రీలను సరకుల బండ్లలో కుక్కి తీసికొనిపోవుట నిత్యము చూచుచున్నాము. 2018 జూను 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములో కూలిపనికి పోవువారిని మోయు ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో మిక్కిలి హెచ్చుమంది స్త్రీలు. ఆ దుర్ఘటనకు కమానులు కారణమని నే ననుటలేదు. సరకులకై కట్టిన తొట్టిలో మనుషులకు పట్టుకొనుటకు చోటు, ఒరిగినప్పుడు నిలుపు బెల్టు లేవని మాత్రము చెప్పుచున్నాను.

మనుషులు టమాటా పెట్టెలవలె అడుగున నిలుకడగా నుండరు. నిలుచుందురు, ఒక ప్రక్కకు ఒరుగుదురు. బండి బరువు కేంద్రము ఇంకను పైకి పోవును. పైగా కమానులు గట్టిపఱచిన బండి కుంగదు గావున, నడపువానికి బరువు హెచ్చైనదని తెలియదు. ఇరువదిమందికి బదులు ముప్పదిమంది ఎక్కుదురు. కుంగిన బండి తన భాషలో "చాలు" అని చెప్పుచున్నది. ఆ నోరు మూయించి "బండి బలపడినది" అని సంతోషించువాడు తన బండిని బాగుచేయలేదు, హెచ్చరికను తీసివేసినాడు. మన యింటి బండి కిరాయికి పోవునదైనచో, తొట్టిలో మనుషుల నెక్కించుటకు మనము సమ్మతింపరాదు. దానిపై వచ్చు నాలుగు రూపాయలు ఏ యింటి దీపమునకో ప్రమాదము తెచ్చునవి.

కావున, సోదరీమణులారా, మీ యింట ఎవరైనను బండి కమానులు మార్పింతుమనినప్పుడు వలదనియు అనకుడు, సరే యనియు అనకుడు. "ఎల్లప్పుడు నుండు బరువెంత? తూచితిరా?" అని అడుగుడు. ధర్మకాటా చీటీ, కుట్టుపెట్టెలోని టేపు, ఒక కాగితము, ఈ మూడును ముందు పెట్టుడు. మొదట బరువు, పిమ్మట బాట, చిట్టచివర ఎత్తు. ఈ క్రమము తప్పక నడచిన యింట ధనము మిగులును. బండి యెంతదూరము పోయినను అందులోని వారందఱును సుఖముగా ఇంటికి తిరిగి వత్తురు.